2003 ఎంజీ జెడ్‌టీ 190 చూస్తున్నా: బెల్టుల సంగతి, నీళ్ల సంగతి చెప్పండి

సోలిహల్_సుబ్బు
బర్మింగ్‌హామ్ దగ్గర ఒక ఎంజీ జెడ్‌టీ 190 (రోవర్ 75కి స్పోర్టీ వెర్షన్) అమ్మకానికి ఉంది. 2003 బండి, 2.5 లీటర్ల వీ6, ఐదు గేర్ల మాన్యువల్, 88 వేల మైళ్లు. ఎంఓటీ (ఇక్కడ ఏటా చేయించాల్సిన బండి పరీక్ష) ఇంకా ఏడు నెలలుంది. 1,850 పౌండ్లు అడుగుతున్నాడు. సర్వీసు పుస్తకం నిండా ముద్రలున్నాయట. టైమింగ్ బెల్ట్ సంగతి అడిగితే "90 వేలకు కదా మార్చేది, ఇంకా టైముంది" అన్నాడు. కాసేపాగి "ఒకసారి మార్పించినట్టే గుర్తు" అన్నాడు. రెండు మాటలూ ఒకే ఫోన్‌లో.

బెల్ట్‌కి నిజంగా టైముందా? రోవర్ కే-సిరీస్ ఇంజిన్లకి ఉండే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య సీలు) భయం దీనికీ ఉందా? చూడ్డానికి వెళ్తే ముందు ఎక్కడ చూడాలి? అప్పుడప్పుడు సిటీ సెంటర్‌లోకి కూడా నడపాలి. బండి, రిపేర్లు అన్నీ కలిపి 3,000 దాటకూడదు.

స్పానర్_బాబాయ్
మైళ్లు కాదు, ఏళ్లు లెక్కపెట్టు. కంపెనీ చెప్పింది 90 వేల మైళ్లు లేదా ఆరేళ్లు, ఏది ముందొస్తే అది. 2003 బండికి 2009లో ఒకసారి, 2015లో ఒకసారి, 2021లో ఒకసారి మారి ఉండాలి. కాగితం లేకపోతే ఒక్కసారీ మారలేదనే అనుకో. రబ్బరుకి ఓడోమీటర్ చదవడం రాదు.

పాత_రోవర్
వదిలెయ్ తమ్ముడూ. కే-సిరీస్ అంటే హెడ్ గ్యాస్కెట్. ఎప్పుడన్నది తప్ప పోతుందా లేదా అన్న ప్రశ్నే లేదు.

ఆరు_సిలిండర్లు
@పాత_రోవర్ గారూ, రెండు ఇంజిన్లు కలిపేస్తున్నారు. హెడ్ గ్యాస్కెట్‌కి పేరు మోసింది నాలుగు సిలిండర్ల కే-సిరీస్, అందులోనూ 1.8. జెడ్‌టీలో అది 1.8 టర్బోగా జెడ్‌టీ 160 పేరుతో వచ్చింది. 190లో ఉన్నది కేవీ6 అనే వీ6 ఇంజిన్. 2497 సీసీ, 24 వాల్వులు, మొత్తం అల్యూమినియం. ఇదే ఇంజిన్ రోవర్ 75లో, ఎంజీ జెడ్‌ఎస్ 180లో, మొదటి తరం ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్ వీ6లో కూడా ఉంది. కొరియాలో కియా కార్నివాల్‌కి కూడా వాడుకున్నారు.

1.8లో ఇబ్బంది ఎందుకంటే, దాంట్లో నీళ్లే (కూలెంటే) తక్కువ. ఎక్కడైనా కొంచెం కారినా లెవెల్ త్వరగా పడిపోతుంది. థర్మోస్టాట్ ఇంజిన్‌లోకి నీళ్లొచ్చే వైపు ఉంటుంది, అది తెరుచుకోగానే చల్లటి నీళ్లు ఒక్కసారిగా వేడి బ్లాక్‌లోకి వస్తాయి. దానికి తోడు పాతవాటిలో హెడ్‌నీ బ్లాక్‌నీ సరిచూసి నిలబెట్టే డోవెల్స్ ప్లాస్టిక్‌వి. హెడ్ సన్నగా కదిలి గ్యాస్కెట్ మీది రబ్బరు గీత చిరుగుతుంది. పది పొడవాటి బోల్టులు హెడ్ నుంచి కింద ఆయిల్ రైల్ దాకా మొత్తాన్ని శాండ్‌విచ్ లాగా బిగించే ఇంజిన్ అది. ఇప్పుడు చేయించేవాళ్లు స్టీల్ డోవెల్స్, పలుపొరల స్టీల్ గ్యాస్కెట్, గట్టి ఆయిల్ రైల్ వేయించి, లైనర్లు (సిలిండర్ల లోపలి గొట్టాలు) బ్లాక్ పైకి ఎంత ఉబికున్నాయో కొలిపిస్తారు. అలా చేసిన 1.8 బాగానే నడుస్తుంది.

కేవీ6లో గ్యాస్కెట్ తనంతట తాను పోవడం అరుదు. నీళ్లు కారిపోయి వేడెక్కితే పోతుంది. కాబట్టి అడగాల్సింది గ్యాస్కెట్ గురించి కాదు, నీళ్లు ఎక్కణ్నించి కారతాయి అని.

పాత_రోవర్
పొరపాటు ఒప్పుకుంటా. నా అనుభవమంతా 1.8తోనే. కానీ కేవీ6లో కూడా మొదటివి, రోవర్ 825లో వచ్చినవి, నాజూకువే కదా?

ఆరు_సిలిండర్లు
అవునండీ, 825లోది పాత రూపం. 75 కోసం 1999లో దాన్ని బాగా మార్చారు. జెడ్‌టీలన్నింటిలో ఉండేది మార్చిన ఇంజినే.

స్పానర్_బాబాయ్
నీళ్ల సంగతి నేను చెబుతా. కేవీ6లో థర్మోస్టాట్ రెండు బ్యాంకుల (మూడేసి సిలిండర్ల వరసల) మధ్య లోయలో ఉంటుంది, సరిగ్గా ఇన్‌లెట్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) కింద. దాని డబ్బా ప్లాస్టిక్‌ది. ఏళ్ల తరబడి వేడిలో ఉడికి ఆ ప్లాస్టిక్ గుల్లబారి, అతుకు దగ్గర చీలుతుంది. దాంట్లోకి వచ్చే పైపుల చివర ఓ-రింగులు కూడా గట్టిపడతాయి. కారిన నీళ్లు లోయలోనే వేడికి ఆవిరైపోతాయి, నేల మీద చుక్క కనపడదు. అందుకే యజమాని "ఎక్కడా కారట్లేదు, అప్పుడప్పుడూ కొంచెం పోస్తా" అంటాడు. ఆ మాట వినపడితే అదే నీ జవాబు.

చూసే పద్ధతి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ వైపు నుంచి టార్చి వేసి మానిఫోల్డ్ కిందికి చూడు. గేర్‌బాక్స్ పైన గులాబీ రంగు పొలుసో, తెల్లటి గీతో, ఆరిన నీటి మరకో ఉంటే కారుతున్నట్టే. ముక్కు కూడా వాడు, కూలెంట్‌కి తియ్యటి వాసన ఉంటుంది. ఇప్పుడు అల్యూమినియం డబ్బాలు కూడా దొరుకుతున్నాయి. మళ్లీ ప్లాస్టిక్ వేయించకు.

లీసెస్టర్_రాణి
దానికి తోడు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో కూలెంట్ ఏ రంగుందో చూడండి. దీనికి వాడాల్సిన ఓఏటీ రకం కూలెంట్ నారింజ, గులాబీ మధ్య రంగులో ఉంటుంది. నీలం రంగుదో మామూలు కుళాయి నీళ్లో కనపడితే ఎవరో దారిలో హడావుడిగా పోశారన్నమాట. మూత కింద, డిప్‌స్టిక్ మీద మజ్జిగలా తెల్లగా ఉంటే ఇంక అక్కడ్నించి వచ్చేయండి.

డీజిల్_దొర
ఇంత తలనొప్పి ఎందుకు? అదే బండిలో డీజిల్ వెర్షన్, సీడీటీఐ తీసుకో. బీఎండబ్ల్యూ ఇంజిన్, టైమింగ్ చైన్, బెల్ట్ గొడవే లేదు. గాలన్‌కి 45 మైళ్లు తేలిగ్గా ఇస్తుంది. వీ6 ఊళ్లో 20 దాటితే గొప్ప.

ఎంఓటీ_మేస్త్రి
సుబ్బు ఉండేది సోలిహల్, వెళ్లేది బర్మింగ్‌హామ్ మధ్యలోకి. అక్కడ 2021 జూన్ నుంచి క్లీన్ ఎయిర్ జోన్ ఉంది, పొగ ఎక్కువ వదిలే బండ్లకి చార్జీ. డీజిల్ కారైతే యూరో 6 పొగ ప్రమాణం ఉండాలి, పెట్రోల్‌కి యూరో 4 చాలు. సీడీటీఐ ఏదీ యూరో 6 కాదు, జోన్‌లో అడుగుపెట్టిన ప్రతి రోజుకీ 8 పౌండ్లు. లండన్ వెళ్తే అక్కడి అలాంటి జోన్, యూలెజ్‌కి రోజుకి 12.50. అది 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నింటికీ ఉంది.

పెట్రోల్ అయినా 2003 బండి కాబట్టి ఊహించుకోవద్దు. ప్రభుత్వ సైటులో నంబర్ ప్లేట్ కొట్టి చూడు, రెండు నిమిషాల పని. నోట్: జోన్ అంటే ఏ4540 మిడిల్‌వే లోపలి భాగం. ఆ రింగు రోడ్డు మీద తిరిగితే డబ్బు కట్టక్కర్లేదు.

డీజిల్_దొర
మిడిల్‌వే లోపలికి వెళ్లకపోతే నా మాటే కరెక్ట్ మరి. నెలకి రెండుసార్లు వెళ్తే 16 పౌండ్లు. పెట్రోల్‌లో అంతకంటే ఎక్కువ పోతుంది.

ఆరు_సిలిండర్లు
లెక్క వరకు నిజమే దొరా. కానీ డీజిల్ మచ్చ లేనిదేం కాదు. దానికి ట్యాంకులో ఒక పంపు, బానెట్ కింద ఇంకో పంపు. ట్యాంకులోది చచ్చిపోయినా బండి నడుస్తూనే ఉంటుంది, భారమంతా రెండో పంపు మీద, ఆ తర్వాత హై-ప్రెషర్ పంపు మీద పడుతుంది. ఎయిర్ ఫ్లో మీటర్ పోతే బండి నత్తలా కదులుతుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అరిగితే క్లచ్ బిల్లు రెట్టింపు. సుబ్బు అడిగింది స్పోర్టీ వెర్షన్ గురించి. జెడ్‌టీ అంటే ఆ వీ6 శబ్దం కూడా.

సోలిహల్_సుబ్బు
నంబర్ కొట్టి చూశా, ఈ బండికి జోన్ చార్జీ లేదని వచ్చింది. కాబట్టి పెట్రోలే. @స్పానర్_బాబాయ్, బెల్ట్ పని ఎంతవుతుంది? ఇక్కడొక గ్యారేజీ 280 అన్నాడు, చవగ్గానే ఉందనిపించింది.

స్పానర్_బాబాయ్
280 అన్నాడంటే ఒక్క బెల్ట్‌కే చెప్పాడు. మూడున్నాయి.

సోలిహల్_సుబ్బు
మూడా?

స్పానర్_బాబాయ్
మూడు. ముందు వైపు ఒక పెద్ద బెల్ట్. అది క్రాంక్ నుంచి రెండు బ్యాంకుల ఇన్‌లెట్ క్యామ్‌లనీ (వాల్వులు తెరిచే కడ్డీలు) తిప్పుతుంది. గేర్‌బాక్స్ వైపు రెండు చిన్న బెల్టులు. ఒక్కో బ్యాంకులో ఇన్‌లెట్ క్యామ్ నుంచి ఎగ్జాస్ట్ క్యామ్‌కి తిరుగుడు ఇచ్చేవి అవే. మూడింట్లో ఏది తెగినా వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇంజిన్ అయిపోయినట్టే, ఎందుకంటే హెడ్ బాగుచేయించే ఖర్చు బండి ధర దాటుతుంది.

చాలామంది ముందుది ఒక్కటే మార్చి, వెనక రెండూ వదిలేస్తారు. బిల్లులో "టైమింగ్ బెల్ట్ మార్చాం" అనే ఉంటుంది, అబద్ధం కాదు, కానీ పని మూడో వంతే.

వెనక బెల్టులు వదిలేయడానికి కారణముంది. డాష్‌బోర్డ్ వైపు బ్యాంకుది అగ్గిపెట్టెలో చెయ్యి పెట్టినట్టుంటుంది. రెండోది, క్యామ్‌లు లాక్ చేసే ప్రత్యేక పనిముట్లు కావాలి. క్రాంక్‌ని "సేఫ్" గుర్తుకి తెచ్చి ఆపి, ముందు పుల్లీలకీ వెనక గేర్లకీ లాకింగ్ టూల్స్ పెట్టి, అప్పుడు విప్పాలి. పెయింట్ గుర్తులు పెట్టుకుని చేస్తానన్నవాడికి ఈ ఇంజిన్ ఇవ్వకు. ముందు బెల్ట్ కోసం కుడి పక్క ఇంజిన్ మౌంట్ ఊడదీసి ఇంజిన్‌ని జాకీ మీద నిలబెట్టాలి. హైడ్రాలిక్ టెన్షనర్‌ని వైస్‌లో నెమ్మదిగా నొక్కి పిన్ను పెట్టాలి, గబుక్కున నొక్కితే లోపల సీలు పోతుంది.

గ్యారేజీకి ఫోన్ చేస్తే ఒకే ప్రశ్న అడుగు: "కేవీ6 లాకింగ్ టూల్స్ మీ దగ్గరున్నాయా?" తడబడితే నమస్కారం పెట్టేయ్.

ఆరు_సిలిండర్లు
బాబాయ్ చెప్పినదానికి కలుపుతున్నా. వాటర్ పంపు కూడా ఆ ముందు బెల్ట్‌తోనే తిరుగుతుంది, కాబట్టి పంపు, టెన్షనర్, ఐడ్లర్ అన్నీ అప్పుడే. క్యామ్ ఆయిల్ సీళ్లు చెమ్మగా ఉంటే అవీ. నూనె తగిలిన బెల్ట్ రెండేళ్లు కూడా ఆగదు. మూడు బెల్టులు, పంపు, పని అన్నీ కలిపి తెలిసిన ఇండిపెండెంట్ గ్యారేజీ దగ్గర 600 నుంచి 800 పౌండ్ల మధ్య అనుకో.

అదే ఊపులో ఇన్‌లెట్ మానిఫోల్డ్ కూడా తీయించు. దాని కింద మూడు పనులు దాక్కుని ఉంటాయి. ఒకటి బాబాయ్ చెప్పిన థర్మోస్టాట్. రెండోది వెనక బ్యాంకు మూడు స్పార్క్ ప్లగ్గులు, మానిఫోల్డ్ తీస్తే గానీ అందవు. అందుకే ముందు మూడు కొత్తవి, వెనక మూడు ఎప్పటివో తెలియనివి ఉన్న కేవీ6లు చాలా కనపడతాయి. మూడోది మానిఫోల్డ్ గ్యాస్కెట్లు. పని విడివిడిగా చేయిస్తే ఒకే మానిఫోల్డ్ విప్పినందుకు మూడుసార్లు కూలీ ఇస్తావు.

డిక్కీలో_టూల్స్
విస్ మోటార్లు మర్చిపోయారు. ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో గాలి దారి పొడవు మార్చే వాల్వులున్నాయి, వాటిని తిప్పడానికి రెండు చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు. బ్రీదర్ నుంచి వచ్చే నూనె ఆవిరి మానిఫోల్డ్ అడుగున చేరి మోటార్ లోపలికి ఇంకుతుంది, సర్క్యూట్ పోతుంది. అప్పుడు కింది స్పీడుల్లో, అంటే 4 వేల ఆర్‌పీఎం లోపల, బండి డల్‌గా ఉంటుంది. డ్యాష్‌లో లైటు వెలగదు, అందుకే "వీ6 అంటే ఇంతేనేమో" అనుకుని నడిపేస్తారు. టెస్ట్ డ్రైవ్‌లో మూడో గేర్‌లో 2 వేల నుంచి నెమ్మదిగా తొక్కి చూడు. సాఫీగా లాగాలి, మధ్యలో పల్లంలో పడ్డట్టు ఉండకూడదు.

మోటార్ విప్పితే నూనె కారితే అది పోయినట్టే. మోటార్ మార్చినా మానిఫోల్డ్‌లో నూనె తుడవకపోతే కొత్తదీ అదే దారి.

ఓరుగల్లు_ఇన్_లీడ్స్
ఇంజిన్ ముచ్చట్లే చెప్తున్నరు, క్లచ్ ఎవ్వరు జెప్తలే. జెడ్‌టీ మాన్యువల్‌ల పెడల్ కాడి క్లచ్ మాస్టర్ సిలిండర్ ప్లాస్టిక్‌ది, దాని ప్రెషర్‌తోని క్లచ్ నొక్కే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపట ఉంటది. పెడల్ కింద మెత్తగ అయినా, తొక్కినంక పైకి రాకపోయినా, రివర్స్ వేస్తుంటే గర్రుమన్నా, హైడ్రాలిక్స్ పోయినయన్నట్టే. స్లేవ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలె. గేర్‌బాక్స్ దించినంక క్లచ్ ప్లేటు, బేరింగ్ కూడా ఏపిచ్చుకో, మళ్ల దించుడు ఎందుకు.

పరీక్ష: ఇంజిన్ ఆన్ చేసి, పెడల్ పూర్తిగ తొక్కి, ఒక నిమిషం అట్లనే పట్టుకో. అప్పుడు మెల్లగ ఫస్ట్ గేర్ వెయ్యి. బండి ముందుకు గుంజినా గేర్ పడకపోయినా లీకు ఉన్నట్టు. గేర్‌బాక్స్ గెట్రాగ్‌ది, అది మాత్రం గట్టిది.

పాత_రోవర్
దానికి సీల్డ్ సెట్ వస్తుంది కదా, ముందే ఫ్లూయిడ్ నింపి?

ఓరుగల్లు_ఇన్_లీడ్స్
వస్తది అన్నా. మాస్టర్ ఒక్కటే పోయిందనుకొని ఒక్కటే మారిస్తే, కొత్త మాస్టర్ ప్రెషర్‌కి పాత స్లేవ్ సీలు ఆగదు. రెండు ఒక్కపాలే.

లీసెస్టర్_రాణి
ఇంకో ముఖ్యమైనది నీళ్లే, కానీ ఇంజిన్‌వి కాదు, వానవి. విండ్‌స్క్రీన్ కింద వైపర్ల దగ్గర ప్లీనమ్ అనే గుంట ఉంటుంది. దాంట్లో పడ్డ వాన కిందికి పోయేందుకు రెండు వైపులా రబ్బరు గొట్టాలు. ఆకులు పడి అవి మూసుకుంటే నీళ్లు తొట్టిలా నిలబడతాయి. ఇంజిన్ ఈసీయూ (కంప్యూటర్) డబ్బా ఆ పక్కనే ఉంది. నీళ్లు దాంట్లోకి వెళ్తే బండి స్టార్ట్ కాదు, ఇంకొంచెం పెరిగితే క్యాబిన్‌లోకి దిగుతాయి. చెట్టు కింద పార్క్ చేసిన బండ్లలో ఇది చాలా ఎక్కువ.

ముందు సీట్ల దగ్గర మ్యాట్ ఎత్తి, కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కండి. పైన పొడిగా ఉంటుంది, కింద ఫోమ్ స్పాంజిలా తడిని దాచుకుంటుంది. లోపల అద్దాలకి ఆవిరి పట్టి ఉన్నా అనుమానించాలి. కొన్నాక మొదటి పని ప్లీనమ్ శుభ్రం చేసి, ఒక లీటరు సీసాతో నీళ్లు పోసి రెండు పక్కలా కిందికి ధారగా వస్తున్నాయో లేదో చూడటం.

డిక్కీ కూడా తెరిచి స్పేర్ టైరు గుంట చూడండి. వెనక లైట్ల గ్యాస్కెట్లు ఎండి అక్కడ నీళ్లు చేరతాయి.

సోలిహల్_సుబ్బు
ఇన్ని నీళ్లా! ఈ బండికి కూలెంట్ లోపల ఉండదు, వాన బయట ఉండదు అన్నమాట 🙂 

లీసెస్టర్_రాణి
గొట్టాలు శుభ్రంగా ఉంటే రెండూ ఎక్కడుండాలో అక్కడే ఉంటాయి సుబ్బూ. ఏటా ఆకులు రాలే కాలంలో పది నిమిషాల పని.

ఎంఓటీ_మేస్త్రి
వెళ్లే ముందే ఇంట్లో కూర్చుని సగం చూసేయొచ్చు. నంబర్ ప్లేట్ ఉంటే ఎంఓటీ చరిత్ర ప్రభుత్వ సైటులో ఉచితంగా వస్తుంది, 2005 నుంచి. పాస్ అయిందా లేదా అన్నది కాదు, కింద రాసిన అడ్వైజరీలు (ముందు ముందు చూసుకోమనే హెచ్చరికలు) చదువు. వరసగా ఏటా అదే మాట ఉంటే యజమాని పట్టించుకోడని అర్థం. ఒక ఏడాది "కొరోడెడ్" అన్న మాట కనపడి, మరుసటి ఏడాది మాయమై, బిల్లు లేకపోతే, దాని మీద నల్ల రంగు పూశారేమో అడుగున చూడు. ఏటా మైళ్లు ఎంతెంత పెరిగాయో కూడా చూడు. నాలుగేళ్లుగా ఏటా 500 మైళ్లే తిరిగిన బండిలో సీళ్లూ బ్రేకులూ ఎండి ఉంటాయి.

జెడ్‌టీకి బాడీ తుప్పు ఆ కాలపు బండ్లతో పోలిస్తే తక్కువే. చూడాల్సినవి: జాకీ పెట్టే చోట్ల సిల్ (తలుపుల కింది అంచు), వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ని మోసే ఇనుప చట్రం), ముందు సబ్‌ఫ్రేమ్, పెట్రోల్ ట్యాంకు మీదుగా వెనక్కి వెళ్లే బ్రేక్ పైపులు. ఆ పైపులు మార్చాలంటే ట్యాంకు దించాల్సి రావొచ్చు, అందుకే అందరూ వాయిదా వేస్తారు. ముందు కాయిల్ స్ప్రింగులు కింది చుట్టు దగ్గర విరుగుతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు వెనక చెయ్యి పెట్టి తడిమి చూడు. ముందు లోయర్ ఆర్మ్ వెనక బుష్ చీలితే బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ పక్కకి లాగుతుంది, స్పీడ్ బ్రేకర్ మీద దబ్ మంటుంది.

డిక్కీలో_టూల్స్
టైర్లు 225/45 ఆర్18. నాలుగూ ఒకే మంచి కంపెనీవి అయితే ఆ యజమాని డబ్బు పెట్టే మనిషే. నాలుగు చక్రాలకి నాలుగు రకాల ఊరూ పేరూ లేని టైర్లుంటే, బెల్టులు మార్పించాడని మాత్రం నమ్మొద్దు.

పాత_రోవర్
ఇది నిజం. టైర్లు చూస్తే మనిషి తెలుస్తాడు.

డీజిల్_దొర
రోడ్డు టాక్స్ ఎవరూ చెప్పలేదు.

ఎంఓటీ_మేస్త్రి
మంచి గుర్తు చేశావు. జెడ్‌టీ 190 సీవో2 225 దాటుతుంది. కానీ 2006 మార్చి 23కి ముందు రిజిస్టర్ అయినవాటికి టాక్స్ కే బ్యాండ్ దగ్గరే ఆగిపోతుంది, ఇంకా ఖరీదైన ఎల్, ఎం బ్యాండ్లలోకి పోదు. అయినా ఏడాదికి 400 పౌండ్లు దాటుతుంది సుబ్బూ, బడ్జెట్‌లో వేసుకో. ఎంజీ రోవర్ కంపెనీ 2005 ఏప్రిల్‌లోనే మూతపడింది కాబట్టి దాదాపు అన్ని జెడ్‌టీలకీ ఇదే లెక్క.

ఓరుగల్లు_ఇన్_లీడ్స్
కంపెనీ మూతపడ్డదంటే యాదికొచ్చింది. రోవర్ వాళ్లు ఆఖర్ల మన టాటా ఇండికానే సిటీరోవర్ అని పేరు మార్చి ఇక్కడ అమ్మిన్రు, తెల్సా? హైదరాబాద్‌ల ట్యాక్సీ, బర్మింగ్‌హామ్‌ల రోవర్.

సోలిహల్_సుబ్బు
ఇండికానా? మా ఊళ్లో పెళ్లికి పిలిస్తే వచ్చే బండి!

పాత_రోవర్
నిజమే, 2003 నుంచి. పుణెలో తయారై ఓడలో వచ్చేది. ఇప్పుడు ఉల్టా అయింది. ఎంజీ పేరు చైనా కంపెనీ సాయిక్ చేతికి పోయి, అదే బ్యాడ్జి మీద గుజరాత్ హాలోల్‌లో 2019 నుంచి హెక్టర్ చేస్తున్నారు. హెక్టర్ షోరూంలో జెడ్‌టీ విడిభాగాలు అడిగితే మాత్రం దొరకవు.

ఆరు_సిలిండర్లు
విడిభాగాల భయం అక్కర్లేదు. బెల్ట్ కిట్, పంపు, థర్మోస్టాట్, సస్పెన్షన్, బ్రేకులు అన్నీ దొరుకుతున్నాయి. ఇంజిన్‌వి ఫ్రీలాండర్ వీ6 వల్ల ఇంకా తయారవుతున్నాయి. దొరకనివి బంపర్లు, ట్రిమ్, హెడ్‌లైట్లు, లోపలి ప్లాస్టిక్కులు. 2004లో ముఖం మార్చారు కాబట్టి దానికి ముందువీ తర్వాతవీ కలవవు. అందుకే నాకు తుప్పు లేని, బంపర్ పగలని, లోపల చిరగని బండి అయితే బెల్ట్ మారకపోయినా ఫర్వాలేదు. ఇంజిన్ పని డబ్బుతో అవుతుంది, పగిలిన బంపర్‌కి డబ్బున్నా వస్తువు దొరకాలి.

స్పానర్_బాబాయ్
ఇక్కడ నీతో విభేదిస్తా. ఫర్వాలేదు అనకు. బెల్ట్ మారని బండిని సోలిహల్ దాకా నడుపుకుంటూ రావడమే జూదం. కొంటే ట్రైలర్ మీదో ట్రక్కు మీదో నేరుగా గ్యారేజీకి. ఆ 100 పౌండ్లు కూడా లెక్కలో ఉండాలి.

ఆరు_సిలిండర్లు
సరే బాబాయ్, అది ఒప్పుకుంటా. టెస్ట్ డ్రైవ్‌లో కూడా 5 వేలు దాటించొద్దు.

డిక్కీలో_టూల్స్
ఫ్యాన్ పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా ఏసీ ఆన్ చేయండి. రేడియేటర్ ఫ్యాన్ వెంటనే నెమ్మదిగా తిరగాలి. తిరగకపోతే తక్కువ స్పీడు రెసిస్టర్ కాలిపోయింది. అప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కాక గానీ పెద్ద స్పీడులో ఫ్యాన్ రాదు, ట్రాఫిక్‌లో నిలబడితే ప్రతిసారీ అంత వేడి దాకా వెళ్లొస్తుంది. ఏసీలో గ్యాస్ లేకపోయినా ఈ పరీక్ష కుదరదు, కాబట్టి ముందు గాలి చల్లగా వస్తోందా చూడండి.

ఇంకో మాట. డ్యాష్‌లో వేడి ముల్లుని నమ్మొద్దు, అది చాలా మేర మధ్యలోనే కూర్చుంటుంది. 15 పౌండ్ల ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) ఫోన్‌కి కలిపి అసలు అంకె చూడండి. 20 నిమిషాలు నడిపాక 90 దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. నిలబెట్టినప్పుడు 105 దాటి ఇంకా ఎక్కుతుంటే ఇంజిన్ ఆపేయండి.

లీసెస్టర్_రాణి
రెండు తాళాలూ అడగండి. ఇమ్మొబిలైజర్ బీఎండబ్ల్యూ తరహాది, తాళం లోపల చిప్పు కోడ్ కలవాలి. మూడో తాళం పక్కవీధి తాళాలవాడు చేసేది కాదు. ఒక్క తాళమే ఉంటే ధరలోంచి 150 తగ్గించమనండి.

సోలిహల్_సుబ్బు
అమ్మేవాడు బిల్లు ఫొటో పంపాడు. 2016 సెప్టెంబర్, 71 వేల మైళ్ల దగ్గర. రాసిందిది: టైమింగ్ బెల్ట్ కిట్ 1, వాటర్ పంపు 1, కూలెంట్ 5 లీటర్లు, పని 5 గంటలు. దీన్ని ఎలా చదవాలి? ఎంఓటీ చరిత్రలో 2022లో వెనక సబ్‌ఫ్రేమ్ మీద పైపై తుప్పు అని ఒక్కసారి ఉంది, మరి లేదు. స్ప్రింగ్ 2023లో ఒకటి విరిగి మార్పించారు.

స్పానర్_బాబాయ్
కిట్ 1 అంటే ముందు బెల్ట్, టెన్షనర్. వెనక బెల్టులు వేసుంటే వేరే లైన్లలో 2 అని ఉండేవి. పని 5 గంటలే అన్నా వెనకవి చెయ్యలేదనే అర్థం. చేశారే అనుకున్నా 2016 నుంచి ఆరేళ్లు ఎప్పుడో దాటాయి. కాబట్టి ఈ బిల్లు విలువ వాటర్ పంపు ఒకసారి మారిందని తెలియడం వరకే. వెనక బెల్టులు 2003 నాటివే కావొచ్చు, ఆ లెక్కతోనే మాట్లాడు.

ఎంఓటీ_మేస్త్రి
సబ్‌ఫ్రేమ్ సంగతి: పైపై తుప్పు అంటే భయపడేది కాదు, కానీ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడు. ఖణేల్ మంటే బాగున్నట్టు, మొద్దుగా మోగితే లోపల పొరలు లేచాయి. స్ప్రింగ్ ఒకటి మార్చారంటే రెండోది పాతది. దాన్ని ఈ ఏడాది ఖర్చులో వేసుకో.

ఆరు_సిలిండర్లు
లెక్క ఇలా పెట్టు: బెల్టులు, పంపు 750. మానిఫోల్డ్ కింద థర్మోస్టాట్, ప్లగ్గులు, గ్యాస్కెట్లు ఇంకో 250. ట్రక్కు 100. స్ప్రింగ్ 120. మొత్తం 1,220. టాక్స్ 400 పైన. క్లచ్ పెడల్ బాగుంటేనే ఈ లెక్క. 3,000లోంచి ఇవి తీసేస్తే బండికి 1,350 మిగులుతుంది. అంతకు మించి ఒక్క పౌండు కూడా ఇవ్వకు. పెడల్ మెత్తగా ఉంటే 900.

డీజిల్_దొర
1,850 అడిగినవాడు 1,350కి ఇస్తాడా?

ఆరు_సిలిండర్లు
వెనక బెల్టుల సంగతి తెలిసినవాడు అడిగితే ఇస్తాడు. బిల్లు చూపించి, కిట్ 1 అన్న చోట వేలు పెట్టి అడగాలి. ఇవ్వకపోతే ఇంకోటి చూడటమే. మూడు బెల్టుల బిల్లు చేతిలో ఉన్న జెడ్‌టీకి 2,200 అడిగినా నేను దీనికంటే దాన్నే కొంటా.

సోలిహల్_సుబ్బు
శనివారం పొద్దున పదింటికి వెళ్తున్నా. టార్చి, ఓబీడీ రీడర్, స్క్రూడ్రైవర్, ఒక లీటరు నీళ్ల సీసా పట్టుకెళ్తా. ఇంకేమైనా?

లీసెస్టర్_రాణి
పాత దుప్పటి ఒకటి, కిందికి దూరి చూడ్డానికి. సీసా నీళ్లు పోసే ముందు ఆయన్ని అడగండి, ఆయన బండి కదా.

ఓరుగల్లు_ఇన్_లీడ్స్
పొద్దుగాల ఫోన్ జేసి చెప్పు, "నేనొచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యకుండ్రి" అని. పోంగనే ముచ్చట పెట్టకముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగుంటే ఆయన ఏదో దాస్తుండు. సల్లబడేదాక ఆగు, అప్పుడే ట్యాంక్ మూత తియ్యి. వేడి మీద తీస్తే మొఖం మీదికి తంతది.